వలస వెళ్లిన తల్లులు – 7: సోలాపూర్ పూర్వభాగంలో ఆమె

పోయిన వారం హవాయి దీవుల్లో ఆగాం. 1885 ఫిబ్రవరి 8న ‘సిటీ ఆఫ్ టోకియో’ ఓడ హొనొలులు రేవులో దింపిన తొమ్మిది వందల పైచిలుకు జపాన్ మనుషుల్లో ఆడవాళ్లూ ఉన్నారనీ, చెరకు తోటలో మగవాడికి నెలకు 9 డాలర్లు, ఆడమనిషికి 6 డాలర్లు కూలి రాసుకున్నారనీ చెప్పుకున్నాం. 1908 తర్వాత ఫొటో చూసి కుదిర్చిన పెళ్లితో, ముఖం చూడని మొగుడి కోసం ఓడ దిగిన వేలాది వధువుల సంగతీ చూశాం. వాళ్లు వంట చేశారు, పదిమంది బట్టలు ఉతికారు, బిడ్డను వీపున కట్టుకుని చెరకు ఎండుటాకు ఒలిచారు. ఆ ఒలిచే పని పేరే వాళ్ల పాటలకూ నిలిచింది. వాటిని హోలెహోలె బుషి అంటారు.

ఆ ఆడవాళ్ల గురించి ఇవాళ ఇంత వివరంగా మాట్లాడుకోగలుగుతున్నామంటే దానికి ఒక కారణం కాగితం. సముద్రం దాటాలంటే పాస్‌పోర్టు ఉండాలి, ఓడ జాబితాలో పేరు ఎక్కాలి, పెళ్లి కుదరడానికి ఫొటో తీయించుకోవాలి. అధికారులు తమ అవసరానికి రాసుకున్న ఆ కాగితాలే తర్వాత మనవరాళ్లకు ఆస్తి అయ్యాయి. ఇంకో కారణం, బట్టలు కుట్టుకుని బతికిన ఒక ఇల్లాలు. బార్బరా కవాకామి 1921లో జపాన్‌లో పుట్టి, పసితనంలోనే హవాయి చేరి, వైపాహు అనే ఊళ్లో తోట కూలీల ఇళ్ల మధ్య పెరిగింది. నడివయసు దాటాక కాలేజీలో చేరింది. అప్పటికి పండుముసలివాళ్లైన తొలితరం ఆడవాళ్ల ఇళ్లకు వెళ్లి, వాళ్ల పక్కన కూర్చుని, పెట్టెల అడుగున ఉన్న పాత పనిబట్టలు బయటికి తీయించి, ఒక్కో అతుకు వెనక ఉన్న కథ అడిగి రాసుకుంది. 1993లో అది పుస్తకమైంది. పుట్టింటి నుంచి తెచ్చుకున్న కసూరి బట్టను కత్తిరించి, చెరకు ఆకు కోయకుండా చేతులకూ కాళ్లకూ తొడుగులు కుట్టుకున్న తీరు అందులో ఉంది. నూలుకు ముందే ముడులు కట్టి, రంగులో ముంచి, ఆ తర్వాత నేసే బట్ట కసూరి. పోచంపల్లిలో, పుట్టపాకలో మన పద్మశాలి ఇళ్లలో జరిగే పని అదే.

ఆ పద్మశాలి ఇళ్ల నుంచే ఇంకో వలస బయల్దేరింది. దానికి ఓడ లేదు, పాస్‌పోర్టు లేదు, ఫొటో లేదు. దాని గురించి ఈ వారం రాయాలి.

హైదరాబాద్ నుంచి పడమటికి సుమారు 300 కిలోమీటర్లు వెళితే సోలాపూర్. ఆ ఊరి తూర్పు దిక్కును అక్కడి వాళ్లు పూర్వభాగం అంటారు. సాఖర్ పేట, దాజీ పేట, భద్రావతి పేట, జోడ్‌భావి పేట, కన్నా చౌక్, అశోక్ చౌక్. బోర్డులు మరాఠీలో ఉంటాయి. లోపలి నుంచి వినపడే మాట తెలుగు. కుచన్, సాదుల్, బుర్ల, పుల్గం, ఆడం లాంటి ఇంటిపేర్లు వింటే ఆ మూలాలు కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు ఉన్నాయని ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. రాఖీ పున్నమి నాడు మార్కండేయుడి రథం ఈ వీధుల్లో తిరుగుతుంది. ఆ రోజు ఊరు సగం మన ఊరే.

ఇంతమంది అక్కడికి ఎలా చేరారు? రైలు వల్ల. ముంబై నుంచి వచ్చిన పట్టాలు 1860లో సోలాపూర్‌ను తాకాయి. 1871 నాటికి అవి గుల్బర్గా మీదుగా రాయచూరు దాకా సాగాయి. 1874లో నిజాం రైలు వాడీ జంక్షన్ నుంచి సికింద్రాబాద్ చేరింది. అప్పటిదాకా బండ్ల మీద, కాలినడకన సాగిన దారి ఒక టికెట్టు దూరంలోకి వచ్చింది. మరో రెండేళ్లకే, 1876లో, దక్కన్ అంతటా కరువు పడింది. ఆ కరువు 1878 దాకా పీడించింది. ఆ కరువు నడుమనే 1877లో సోలాపూర్‌లో మొదటి నూలు మిల్లు కూత వేసింది. ఊరివాళ్లు తర్వాత తర్వాత దాన్ని జూనీ మిల్లు అన్నారు, అంటే పాత మిల్లు. దాని వెనకే లక్ష్మీ మిల్లు, నర్సింగ్ గిర్జీ మిల్లు, విష్ణు మిల్లు వచ్చాయి.

అయితే మనవాళ్లంతా మిల్లు కూలి కోసమే వెళ్లారనుకుంటే పొరపాటు. చాలామందిని పిలిచింది మగ్గమే. మరాఠీ ఇల్లాలు కట్టే తొమ్మిది గజాల చీరకు చేనేత నాణెం కావాలి. మిల్లు బట్ట ఎంత చవకగా వచ్చినా ఆ చీర గిరాకీ చాలాకాలం తగ్గలేదు. ఊళ్లోనే మిల్లు నూలు దొరుకుతుంది, చుట్టూ చీర కొనే జిల్లాలు ఉన్నాయి, సరుకు పంపడానికి రైలుంది. తెలంగాణ పల్లెలో అప్పుల మధ్య ఉన్న సాలె మనిషికి ఇంతకంటే ఏం కావాలి? ముందు ఒకడు వెళ్లాడు. తర్వాత తమ్ముణ్ణి పిలిచాడు, బావమరిదిని పిలిచాడు. కార్ఖానాలో ఆరేడు మగ్గాలు, కొన్నిచోట్ల ఇరవై ముప్పై. కార్ఖాన్‌దారు కూడా మనవాడే, కూలికి నేసేవాడూ మనవాడే. వచ్చిన కొత్తలో మగ్గం పక్కనే పడక. చేతికి ముందుగా ఇచ్చిన బాకీ తీరేదాకా ఇంకో కార్ఖానాకు పోవడానికి లేదు.

ఇంతవరకూ నేను రాసిన కథలో ఆడమనిషి ఎక్కడా కనపడలేదని గమనించారా? సోలాపూర్ చరిత్ర మనకు అందినదే అలా. 1920, 1934 మిల్లు సమ్మెలు అందులో ఉన్నాయి. 1930 మే నెలలో గాంధీజీ అరెస్టు తర్వాత ఊరు తిరగబడి, ఇంగ్లిష్ సర్కారు మార్షల్ లా పెట్టిన ఘట్టం ఉంది. 1931 జనవరి 12న ఎరవాడ జైల్లో ఉరికంబం ఎక్కిన మల్లప్ప ధనశెట్టి, జగన్నాథ్ శిందే, శ్రీకిసన్ సార్డా, కుర్బాన్ హుసేన్ అనే నలుగురి పేర్లు ఆ ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు. ఎమ్మెల్యేలైన, ఎంపీలైన, విద్యాసంస్థలు కట్టిన మన మగవాళ్ల పేర్లు గోడల మీద ఉన్నాయి. అవన్నీ ఉండవలసినవే. నా అభ్యంతరం ఒక్కటే. ఆ వలసను ఒక తరంతో ఆగిపోకుండా నాలుగైదు తరాలు నిలబెట్టిన మనిషి ఆ గోడల మీద లేదు.

పెళ్లితో మొదలుపెడదాం. మగవాడు పనికోసం వెళ్లాడు, ఆడది పెళ్లి చేసుకుని వెళ్లింది. సంబంధం చూసేది మేనమామో, పెద్దమనిషో. అబ్బాయి సోలాపూర్‌లో మగ్గం మీద ఉన్నాడు, చేతినిండా పని, తాగడు అన్న మూడు మాటల మీద పెళ్లి కుదిరేది. జపాన్ వధువు చేతిలో కనీసం ఫొటో ఉంది. మన పిల్ల చేతిలో అదీ లేదు. పదమూడో పద్నాలుగో ఏట ఒక ట్రంకు పెట్టెతో, తోడు వచ్చిన మామతో వాడీ దగ్గర రైలు మారి, అర్థంకాని భాష మాట్లాడే ఊళ్లో దిగింది. నిజాం రాజ్యం దాటి ఇంగ్లిష్ రాజ్యంలో అడుగుపెట్టింది కదా, ఆ హద్దు దగ్గర ఆమె పేరు ఎవరూ రాసుకోలేదు. మర్నాడు పొద్దున్నే రాట్నం ముందు కూర్చుంది.

ఆ రాట్నం పనిని దగ్గరగా చూడాలి. మిల్లు నుంచి నూలు చిలపలుగా వస్తుంది. దాన్ని తడిపి, గంజి పెట్టి, ఆరబెట్టి, విడదీయాలి. తిరిగే చట్రానికి చిలప తగిలించి, ఎడమచేత్తో పోగు పట్టుకుని, కుడిచేత్తో రాట్నం తిప్పుతూ కండెకు ఎక్కించాలి. పోగు బిగుతు ఎక్కువైతే తెగుతుంది. వదులైతే కండె ఉబ్బి నాడెలో ఇరుక్కుంటుంది. తెగినప్పుడల్లా రెండు కొసలూ నలిపి అతకాలి. ఆ అతుకు చేతికి తెలియకూడదు, బట్ట మీద అసలే కనపడకూడదు. మగ్గం మీద మనిషి నాడె విసిరిన ప్రతిసారీ ఆ కండె కరిగిపోతుంది. కండెలు అందకపోతే మగ్గం ఆగుతుంది. అందుకే వంట మధ్యలో, బిడ్డకు పాలిస్తూ, పురుడు రేపో మాపో అన్న రోజున కూడా ఆమె చెయ్యి ఆడుతూనే ఉండేది. పడుగు సిద్ధం చేసినా, అచ్చులోకి వందల పోగులు ఒక్కొక్కటిగా తీసినా, తెల్లవారుజామున వీధి పొడుగునా పడుగు చాపి గంజి పట్టించినా, ఆమె లేని పని లేదు.

చాలా ఇళ్లలో దీనికి విడిగా కూలి లేదు. చీరకు ఇంత అని నేసినవాడి పేరున లెక్క. ఆ లెక్కలోనే రాట్నం తిప్పిన పెళ్లాం, కండెలు అందించిన కూతురు కలిసిపోయేవారు. నేతపనివాళ్ల బతుకుల మీద పుణె గోఖలే సంస్థ తరఫున ఆర్.జి. కాకడే చేసిన సర్వే 1947లో పుస్తకంగా వచ్చింది. డి.ఆర్. గాడ్గిల్ సోలాపూర్ నగరం మీద రాసిన అధ్యయనం 1965లో వచ్చింది. ఇద్దరూ శ్రద్ధగా పనిచేసినవాళ్లు, వాళ్ల మేలు మరవకూడదు. కానీ సర్వే అంటే ఇంటి లెక్క. ఇంత సంపాదన, ఇంత అప్పు, ఇంతమంది తినేవాళ్లు. హవాయిలో కవాకామి చేసినట్టు ఒక ముసలమ్మ పక్కన కూర్చుని ఆమె నోట ఆమె కథ వినే పని వేరు. అది ఇక్కడ జరగవలసినంత జరగలేదు.

మిల్లుల్లోకి వెళ్లిన ఆడవాళ్లకు చేతికి కూలి అందేది. నూలు చుట్టే ఖాతాల్లో వాళ్లే ఎక్కువ. చట్టాలు వచ్చాక కథ మారింది. ఆడవాళ్ల రాత్రి పనిని నిషేధించారు. 1929లో ముంబై రాష్ట్రం ప్రసూతి సాయం చట్టం చేసింది. పురిటికి ముందూ వెనకా పని మాని, డబ్బు పొందే హక్కు అది. సరిగ్గా తొమ్మిదేళ్ల ముందు, 1920లో, హవాయిలోని ఓఅహు దీవిలో జపాన్ కూలీలు సమ్మె చేసినప్పుడు వాళ్ల కోరికల్లో ఆడవాళ్ల రోజు కూలి 58 సెంట్ల నుంచి 95 సెంట్లకు పెంచాలని ఉంది. జీతంతో ప్రసూతి సెలవు ఇవ్వాలని కూడా ఉంది. అక్కడ చెరకు తోటలో, ఇక్కడ నూలు మిల్లులో, ఒకరి ఉనికి ఒకరికి తెలియని ఆడవాళ్ల అవసరం ఒకే కాలంలో ఒకే మాటగా బయటికి వచ్చింది. ఇది నన్ను కదిలించిన విషయం. అయితే చట్టం పుస్తకంలో ఎంత మంచిదైనా, ఖర్చు యజమాని మీద పడేసరికి ముందుముందు ఆడవాళ్లను పనిలోకి తీసుకోవడమే తగ్గించుకుంటూ పోయారు. యంత్రాలు మారడం కూడా అందుకు తోడైంది.

అదే కాలంలో జపాన్ మరో దారిన సోలాపూర్ వచ్చింది, సరుకు రూపంలో. పల్లెల నుంచి తెచ్చి మిల్లు హాస్టళ్లలో ఉంచిన ఆడపిల్లల చేతుల మీదుగా తయారైన జపాన్ బట్ట 1930ల మొదట్లో మన బజార్లను ముంచెత్తింది. 1933లో సర్కారు దాని మీద సుంకం నూటికి 75కు పెంచింది. జపాన్ కోపగించి మన పత్తి కొనడం మానేసింది. చివరికి 1934లో ఒప్పందం కుదిరి సుంకం 50కి దిగింది. మిల్లు యజమానులకు జపాన్ శత్రువు. చేనేతవాళ్లకు మాత్రం సంగతి అంత సూటిగా లేదు. జపాన్ నుంచి దిగిన కృత్రిమ పట్టు నూలు చవక, మెరుపు ఎక్కువ. అది మన చేనేత చీరల్లోకి వచ్చి చేరింది. ఒసాకా వైపు ఒక పల్లెపిల్ల యంత్రం దగ్గర చుట్టిన పోగును దాజీ పేటలో ఒక కరీంనగర్ పిల్ల కండెకు ఎక్కించి ఉంటుంది. వాణిజ్య చరిత్ర రాసేవాళ్లు సుంకాల పట్టిక దగ్గరే ఆగిపోతారు.

రెండో ప్రపంచ యుద్ధం అయిపోయింది, స్వరాజ్యం వచ్చింది. 1950ల నుంచి పేటల్లో చేతి మగ్గం పోయి కరెంటు మగ్గం వచ్చింది. చీర వెనక్కి తగ్గి, పువ్వుల సోలాపూర్ దుప్పటీ, తువాలూ ముందుకు వచ్చాయి. ఆ దుప్పటీ 2005లో భౌగోళిక గుర్తింపు కూడా తెచ్చుకుంది. జూనీ మిల్లు 1960లలో మూతపడింది. ఇంట్లో రాట్నానికి పని తగ్గింది. యంత్రం దగ్గర నిలబడే మగవాడి కూలితో ఇల్లు గడవదు. అప్పుడు ఆమె ఒడిలోకి బీడీ చాట వచ్చింది.

అప్పటికే బీడీ ఆ ఊళ్లో ఉంది. కానీ మిల్లులూ చేతిమగ్గాలూ సన్నగిల్లిన కొద్దీ అది పూర్వభాగం ఇళ్లన్నిటికీ పాకింది. పొద్దున్నే లేచి వంట ముగించి, కంపెనీ బ్రాంచికి వెళ్లి నిన్నటి బీడీలు అప్పగించి, ఇవాళ్టి ఆకూ తంబాకూ తూకం వేయించుకుని రావాలి. తునికాకును తడిపి, తడి గుడ్డలో చుట్టి మెత్తబడనివ్వాలి. రేకు అచ్చు ఆకు మీద ఆనించి కత్తెరతో కోయాలి. ఈనె అడ్డం వస్తే ఆ ఆకు పనికిరాదు. కోసిన ముక్క ఎడమ అరచేతిలో వేసి, చిటికెడు తంబాకు పరిచి, రెండు బొటనవేళ్లతో చుట్టి, దారం కట్టి, మూతి మడవాలి. చూస్తున్నవాళ్లకు రెండు మూడు కదలికలే కనపడతాయి. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. అంటే ఆ కదలికలు వెయ్యి సార్లు. సాయంత్రానికి 25 చొప్పున కట్టలు. బ్రాంచిలో గుమాస్తా కట్ట విప్పి చూసి, నచ్చనివి ఏరి పక్కన పడేస్తాడు. పడేసినవాటికి కూలి లేదు, వాటికి వాడిన ఆకు మాత్రం ఆమె లెక్కలోనే ఉంటుంది. ఆకు చాలకపోతే సొంత డబ్బుతో కొనుక్కుని లెక్క సరిచేయాలి.

నడుము వంగిపోతుంది. తంబాకు ధూళి గొంతులో కూర్చుంటుంది. వేళ్ల చివర చర్మం నున్నబడి రేఖలు అరిగిపోతాయి. ఎనిమిదేళ్ల కూతురు మూతి మడవడం నేర్చుకుంటుంది, పన్నెండేళ్లకు ఆకు కోస్తుంది. తల్లి పని కూతురికి, అత్త పని కోడలికి. నిజామాబాద్, సిరిసిల్ల, కోరుట్ల ప్రాంతాల్లో కూడా లక్షలమంది ఇదే పని చేస్తారు కనుక, అక్కడి నుంచి సోలాపూర్ వచ్చిన కోడలికి ఇక్కడ కొత్తగా నేర్చుకోవలసింది మరాఠీ ఒక్కటే.

కాగితం మీద ఆమె పేరు మొట్టమొదటిసారి సంపాదించే మనిషిగా ఎక్కింది కూడా ఈ బీడీ వల్లే. 1966లో బీడీ, చుట్ట కార్మికుల చట్టం వచ్చింది. ఇంటి దగ్గర చుట్టే మనిషి కూడా కార్మికురాలేనని అది ఒప్పుకుంది. 1976లో బీడీల మీద సెస్సు వేసి సంక్షేమ నిధి పెట్టారు. 1977లో భవిష్య నిధి వర్తించింది. దాంతో గుర్తింపు కార్డు వచ్చింది, దాని మీద ఫొటో, పేరు, వయసు, కంపెనీ. హవాయి వధువుకు పాస్‌పోర్టు ఏమిటో సోలాపూర్ ఆడమనిషికి బీడీ కార్డు అది. వలస మొదలైన నూరేళ్లకు గానీ ఆమెకు ఆ కాగితం దక్కలేదు. అదీ ఊరికే దక్కలేదు. సంఘం పెట్టుకుని, ఎర్రజెండా పట్టుకుని, ఎండలో కలెక్టర్ కచేరీ ముందు కూర్చుంటే దక్కింది.

ఆ పోరాటంలోంచే ఇళ్లు వచ్చాయి. మన పద్మశాలి కుటుంబం నుంచి వచ్చిన నర్సయ్య ఆడం, ఊరంతా పిలిచే పేరు ఆడం మాస్తర్, కమ్యూనిస్టు ఎమ్మెల్యేగా 1978లో, 1995లో, 2004లో గెలిచారు. ఆయన నాయకత్వంలో బీడీ కార్మికురాళ్లు సహకార సంఘం కట్టి, తమ వాటా సొమ్ము పోగుచేసి, కేంద్ర రాష్ట్ర ప్రభుత్వాల వాటా కోసం ఏళ్ల తరబడి తిరిగి, అక్కల్‌కోట రోడ్డు మీద కుంభారి దగ్గర 10,000 ఇళ్లు సాధించారు. 2006లో ప్రధాని మన్మోహన్ సింగ్ వచ్చి వాటిని అప్పగించారు. కాలనీకి వర్లీ ఆదివాసుల పోరాటం నడిపిన గోదావరి పరులేకర్ పేరు పెట్టారు. తర్వాత అదే దారిలో రాయ్‌నగర్‌లో 30,000 ఇళ్ల పథకం మొదలై, 2024 జనవరి 19న ప్రధాని నరేంద్ర మోదీ చేతుల మీదుగా 15,000 ఇళ్లు అందాయి. ఒకే గదిలో మగ్గం, పొయ్యి, పురుడు అన్నీ గడిచిన తరానికి మనవరాలు సొంత తలుపుకు తాళం వేసుకుంటోంది. ఈ దేశంలో కూలి ఆడవాళ్లు తమ కూలి డబ్బుతో, తమ పట్టుదలతో కట్టించుకున్న ఊళ్లు ఎన్ని ఉన్నాయో వెతికి చూడండి. మన తెలుగు పాఠ్యపుస్తకంలో ఈ సంగతి ఒక పాఠంగా ఉండాలి.

బతుకమ్మ గురించి కూడా చెప్పాలి. భాద్రపద అమావాస్య నుంచి పూర్వభాగంలో బతుకమ్మ ఆడతారు. తంగేడు, గునుగు దొరకనిచోట బంతి, చామంతి పేరుస్తారు. ఆ రోజుల్లోనే మరాఠీ ఆడపిల్లలు ఏనుగు బొమ్మ చుట్టూ తిరుగుతూ భోండ్లా ఆడతారు. రెండు పాటలూ అత్తింటి కష్టాన్నీ పుట్టింటి మీద బెంగనూ మోసేవే కనుక, పక్క పక్క వీధుల్లో పెరిగిన ఆడపిల్లలు ఇటూ అటూ ఆడడం వింత కాదు. పుట్టిన ఊరి పేరు మరిచిపోయిన అవ్వకు కూడా ఆ పాట వరస మరుపు రాలేదు. అయితే పిల్లల చదువు మరాఠీలోకి మళ్లింది. ఇంట్లో తెలుగు వింటారు, చదవలేరు. అవ్వ పాడే పాట రాసుకోవాలన్నా మనవరాలు మరాఠీ లిపిలో రాసుకోవాలి. రాసుకోనివ్వండి. లిపి ఏదైనా పాట మిగలాలి. హోలెహోలె బుషి మిగిలింది కూడా హవాయిలో హ్యారీ ఉరాటా అనే సంగీతం మాస్టారు తోట ముసలివాళ్ల దగ్గరికి తిరిగి రికార్డు చేసుకోవడం వల్లనే.

సోలాపూర్‌కు జ్ఞాపకం పెట్టుకోవడం చేతకాదా అంటే అదేం కాదు. 1910 అక్టోబర్ 10న ఆ ఊళ్లో పుట్టిన డాక్టర్ ద్వారకానాథ్ కోట్నీస్, జపాన్ సేనలతో పోరాడుతున్న చైనాకు 1938లో కాంగ్రెస్ పంపిన ఐదుగురు వైద్యుల్లో ఒకరు. అక్కడే 1941లో గువో చింగ్‌లాన్ అనే నర్సును పెళ్లి చేసుకున్నారు. 1942 ఆగస్టులో కొడుకు పుట్టాడు, డిసెంబర్ 9న ఆయన పోయారు. అప్పటికి ఆయనకు 32 ఏళ్లు. ఆమె అరవై తొమ్మిదేళ్లకు పైగా బతికి, భర్త ఊరినీ అత్తవారి బంధువులనూ మరవకుండా, ఇక్కడికి వస్తూ పోతూ, తన జ్ఞాపకాలను పుస్తకంగా రాసి, 2012లో దాలియన్ నగరంలో కన్నుమూసింది. ఊళ్లో కోట్నీస్ స్మారకం ఉంది. ఎక్కడో షాన్షీ రాష్ట్రంలో పుట్టిన కోడలిని సోలాపూర్ ప్రేమగా తలుచుకుంటుంది. ఆమె తన కథ తాను చెప్పుకుంది గనుక, వినేవాళ్లు దొరికారు గనుక ఆ జ్ఞాపకం నిలిచింది. కరీంనగర్ నుంచి వచ్చిన కోడలి కథ చెప్పించుకునే బాధ్యత మనది.

సమయం ఎక్కువ లేదు. చేతి రాట్నం తిప్పిన తరంలో మిగిలినవాళ్లు ఎనభై దాటారు. కనుక ఈ ధారావాహిక చదివేవాళ్లలో సోలాపూర్ చుట్టరికం ఉన్నవాళ్లను ఒకటి అడుగుతున్నాను. ఈ దసరాకు వెళ్లినప్పుడు మీ అవ్వ దగ్గర ఒక పూట కూర్చోండి. ఫోన్‌లో రికార్డు పెట్టండి. “అవ్వా, నువ్వు ఏ ఊళ్లో పుట్టినవ్? ఎవరితోని వచ్చినవ్? ఏడ దిగినవ్? మొదటి కూలి ఎంత, అది ఎవరి చేతిలో పెట్టినవ్?” అని అడగండి. కూలి సంగతి దగ్గర ఆమె కాసేపు ఆగుతుంది, తొందర పెట్టకండి. పాత బీడీ కార్డు, భవిష్య నిధి చీటీ, సంఘం రసీదు ఏది ఉన్నా ఫొటో తీసి దాచండి. ఆమె పేరును ఇంటిపేరుతో సహా, పుట్టింటి పేరుతో సహా రాసిపెట్టండి. మీరు రాసి పంపితే ఈ శీర్షికలో వరసగా అచ్చువేస్తాం.

(వచ్చే వారం: భీవండి సాంచెల గల్లీలు – కరెంటు మగ్గాల వీధులు)